వీధికి వీపు పెట్టిన ఇల్లు

కరకోల్,
ఏప్రిల్ 9

మరదలు జూరకన్‌కు,

ఫోను ఉండగా ఈ ముసలాడికి ఉత్తరాలేమిటని నవ్వుకుంటూ ఉంటావు. ఫోనులో అయితే నేను చెబుతుండగానే "ఆ, ఆ" అంటూ నువ్వు వెళ్ళి కుండలో ఉప్పు చూసుకుంటావు. కాగితమైతే చచ్చినట్టు చదవాలి. అందుకే దీన్ని నేరేడు రంగు గుడ్డలో చుట్టి, ఆప్రికాట్ జామ్ జాడీకి కట్టి, బిష్కెక్ మినీబస్సు నడిపే ఎషెన్ చేతికిచ్చాను. గుడ్డ విప్పితే గాని జామ్ రాదు.

ఊళ్ళో నాకిప్పుడు పెద్ద హోదా వచ్చింది. నలభై ఒక్క ఏళ్ళు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చదివినవాడిని, ఇప్పుడు శనివారం శనివారం సరస్సు చూడ్డానికి వచ్చినవాళ్ళను వెంటబెట్టుకుని పాత వీధుల్లో తిప్పుతున్నాను. ఇంటిని ముందునుంచి చూసేవాడు యాత్రికుడు, వెనకనుంచి చూసేవాడు మీటరు రీడరు. ఏ చెక్కింటి నగిషీ వెనక ఎన్ని బొద్దింకలున్నాయో నాకు తెలుసు. మన చెక్క మసీదుకు ఒక్క మేకు కూడా కొట్టలేదని అందరూ చెబుతారు, నేనూ చెబుతాను. మీటరు పెట్టె బిగించడానికి మేము కొట్టిన నాలుగింటి సంగతి మాత్రం చెప్పను.

మొన్న నారిన్ నుంచి ఒక పంతులమ్మ వచ్చింది. మిల్లు వీధి మూలకు రాగానే ఆగిపోయింది. "పెద్దాయనా, వీధిలో ఇళ్ళన్నీ ముఖం చూపిస్తుంటే ఇదొక్కటి వీపు చూపిస్తుందేం?" అంది.

అది మీ ఇల్లేనని వేరే చెప్పాలా? నువ్వూ మీ అక్క బాత్మా పుట్టిన ఇల్లు. వీధివైపు బోడి గోడ, వంటింటి పొగగొట్టం. పెరటివైపు గొడుగు చూరున్న గుమ్మం, అటూ ఇటూ నీలం రెక్కల కిటికీలు నాలుగు, వాటి చుట్టూ పొట్టేలు కొమ్ముల్లా మెలికలు తిరిగిన నగిషీ. ఊరంతటికీ అందమైన కిటికీలను కోళ్ళు చూస్తున్నాయి. దీనికి నా దగ్గర మూడు కథలున్నాయి. ఆడవాళ్ళకి: జారు చక్రవర్తి కాలపు రష్యన్ ఆఫీసరు తన అందమైన పెళ్ళాం వీధికి కనబడకుండా అలా కట్టించాడు. మగవాళ్ళకి: ఎదురింటి తేనె వ్యాపారితో గొడవపడి వాడికి వీపు చూపించాడు. వాన పడుతుంటే: గాలి అటునుంచి వస్తుంది, పదండి.

ఇక అసలు సంగతి. మేకులు, రేకులు అమ్మే కుబత్ ఆ ఇంట్లో ముగ్గురి వాటాలు కొనేశాడట. పడగొట్టి, ప్లాస్టిక్ కిటికీలతో రెండంతస్తుల దుకాణం లేపుతాడట. మిగిలింది గుమ్మం ఉన్న నీ రెండు గదులే. మీ నాన్న వాటిని నీ పేరున రాసింది ఇలాంటి రోజు కోసమే. పాత ఇళ్ళ జాబితా కట్టడానికి జూన్‌లో కమిటీ వస్తోంది. జాబితాకెక్కిన ఇంటిని ఎవడూ పడగొట్టలేడు. అందాకా నువ్వు గదులు అమ్మకు. అంతే.

మీ బావ,
సతర్‌కుల్


బిష్కెక్,
ఏప్రిల్ 21

బావగారికి,

జాడీ అందింది. దారిలో మూత కారి మీ ఉత్తరం రెండో పేజీ తియ్యగా అయిపోయింది. ముందు నాకి, తరువాత చదివాను. మీ మాటలు ఇంత రుచిగా ఉండటం ఇదే మొదలు.

అక్కకు రక్తపోటు మాత్రలు పంపుతున్నాను. పొద్దున ఒకటి. మీరు కథలు చెప్పే రోజున రెండు.

మా భవనానికి లిఫ్టు లేదని మీకు తెలుసుగా. ఐదో అంతస్తు. మూడో అంతస్తు మలుపులో ఒక కుర్చీ వేయించుకున్నాను. ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి కూర్చుని, వచ్చేపోయే వాళ్ళ సంగతులడుగుతాను. ముప్ఫై ఏళ్ళు మందుల దుకాణంలో పనిచేసినా తెలియని రోగాలన్నీ ఆ కుర్చీలో తెలుసుకున్నాను. ఈ శీతాకాలం పదకొండు రోజులు అసలు కిందికే దిగలేదు. కింది ఇంటి పిల్ల రొట్టె తెచ్చిపెట్టింది. అదీ బాగానే ఉంది, రాణీగారిలా.

మీ జాబితాకు ఊళ్ళో ఇళ్ళు కరువా బావా? పాత దవాఖానా ఉంది, మిఠాయి వాళ్ళ మేడ ఉంది, రష్యన్ల గంటల గుడి వెనక పచ్చ రంగు బడి ఉంది. ఆ మిల్లు వీధి ఇంటిని వదిలేయండి. దాని పునాది ఎప్పుడూ తడే. అందులో ఎవరికీ జలుబు తగ్గిన గుర్తు నాకు లేదు.

ఆప్రికాట్లు ఈసారి కాస్త పులుపు. చక్కెర ఎవరు వేశారు, మీరా?

మీ మరదలు,
జూరకన్


కరకోల్,
మే 6

మరదలు జూరకన్‌కు,

చక్కెర నేనే వేశాను. మీ అక్క వేయమన్న దాంట్లో సగం వేసి మిగతాది టీలో కలుపుకున్నాను. ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే నేను నిజం దాచేవాణ్ణి కాను. నువ్వు మాత్రం రెండు పేజీలు రాసి గదుల మాట ఒక్క ముక్క రాయలేదు. జలుబు గురించి రాశావు.

నీ ఉత్తరాన్ని నేను పైకి చదువుతుంటే, పునాది తడి దగ్గరికి రాగానే మీ అక్క "పిండి చూసొస్తా" అని లేచింది. రొట్టెలు అప్పటికే కాలి బల్లమీదున్నాయి. మీ ఇంటి ఆడవాళ్ళకు పిండి గుర్తొచ్చిందంటే ఏదో ఉందన్నమాట. నలభై ఆరేళ్ళ కాపురంలో నేను నేర్చుకున్నది అదొక్కటే.

కమిటీ జూన్ 3న వస్తోంది. కాగితం ముందుగానే పంపారు. ఇల్లు జారు కాలంలో కట్టినదై ఉండాలి, కట్టిన చోటే నిలిచి ఉండాలి. ఆ మాట ఊరి పెద్దవాడొకడు సంతకం పెట్టి చెప్పాలి. ఆ పెద్దవాణ్ణి నేనే. మిల్లు వీధికి జారు కాలంలో ఒక జనరల్ పేరుండేది, సోవియట్ కాలంలో ఇంకో జనరల్ పేరొచ్చింది, ఇప్పుడొక పహిల్వాను పేరు పెట్టారు. మిల్లు పోయి యాభై ఏళ్ళయినా జనం మిల్లు వీధే అంటారు. ఇన్ని పేర్లు మారిన చోట కదలకుండా కూర్చున్నది ఆ ఇల్లొక్కటే అని రాసి పెట్టుకున్నాను. బాగుందా? కమిటీ ముందు చదువుతాను.

ఔనో కాదో రాయి. అమ్మనని రాస్తే చాలు, ఆప్రికాట్లకు మళ్ళీ చక్కెర వేసి పంపుతాను.

మీ బావ,
సతర్‌కుల్


బిష్కెక్,
మే 15

బావగారికి,

ఈ ఉత్తరం మీరు పైకే చదువుతారు, అక్క వింటుంది. అందుకని ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. అక్కా, కూర్చో. పిండి ఎక్కడికీ పోదు.

గదులు ఫిబ్రవరిలోనే అమ్మేశాను. కొన్నది కుబతే. ఆ డబ్బుకు ఇక్కడ కింది అంతస్తులో ఒక గది, వంటిల్లు మాట్లాడుకున్నాను. కిటికీ పక్కనే ఆస్పెన్ చెట్టుంది, మెట్లు రెండే. ఇల్లు జాబితాకెక్కితే కుబత్ బేరం రద్దు చేసుకుంటాడు, కాగితంలో అలాగే ఉంది. అప్పుడు నేను మళ్ళీ ఐదో అంతస్తు రాణీని. మీకు ఎలా చెప్పాలో తెలియక జలుబు గురించి రాశాను.

ఇంకొకటి. మీరు సంతకం పెట్టేముందు ఇది తెలియాలి. అక్కకు తెలుసు, మా ఇంట్లో అందరికీ తెలుసు. "ఆ మీటర్ల అల్లుడికి మాత్రం చెప్పొద్దు, ప్రతి ఇంట్లో మీటరుతో పాటు ఇదీ చదువుతాడు" అని నాన్న ఒట్టు వేయించుకున్నాడు.

ఆ ఇల్లు మిల్లు వీధిలో కట్టింది కాదు. సరస్సు ఒడ్డున పడవల రేవులో ఉండేది, అక్కడి ఆఫీసరుది. విప్లవం తరువాత దాన్ని దుంగ దుంగా విప్పి ఎద్దుబళ్ళమీద ఊళ్ళోకి తెచ్చారు. అప్పటికి నాన్నకు ఏడేళ్ళు, బండిమీద కూర్చుని వచ్చాడు. మళ్ళీ నిలబెట్టడానికి ఒక రష్యన్ వడ్రంగిని పెట్టి, కూలికి కొండమీదనుంచి దిగిన మనవాళ్ళను పెట్టారు. వాళ్ళ పెద్ద మా తాత జుమాష్. వడ్రంగి, తన తమ్ముడి పెళ్ళి అని, మూడు రోజులు పోయాడు. దుంగలమీద గొడ్డలి గాట్లున్నాయిగా, వరసలో పేర్చండి చాలు అని చెప్పి పోయాడు.

తాత పుట్టాక ఉన్ని గుడారం తప్ప ఇంకేదీ నిలబెట్టలేదు. గుడారానికి ముందు ద్వారబంధం ఎత్తుతారు, అదీ పొద్దుపొడిచే వైపు. తాత కూడా అదే చేశాడు. ద్వారబంధం పొద్దువైపు ఎత్తి, దీవెన చెప్పించి, మిగతా దుంగలు గాట్ల లెక్క తప్పకుండా పేర్చుకుంటూ పోయాడు. పేర్పులో ఒక్క తప్పు లేదు. వడ్రంగి వచ్చేసరికి గోడలు ఛాతీ ఎత్తు లేచాయి. వీధి పడమర. ఇంటి ముఖం తూర్పున, పశువుల పాకవైపు. ఆయన టోపీ తీసి గోడల చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడట. "జుమాష్, వీధి ఇటుంది" అన్నాడట. "వీధి ఎటైనా ఉండొచ్చు, సూర్యుడు అటే వస్తాడు" అన్నాడట తాత.

వీపు తిప్పుకున్న ఇంట్లో కూర్చోడానికి ఏ అధికారీ ఇష్టపడలేదు. అలా ఇల్లు నాలుగు వాటాలై, రెండు గదులు తాతకు దక్కాయి.

సంతకం మీ ఇష్టం. నేను అడగను.

జూరకన్


కరకోల్,
మే 19

గౌరవనీయురాలైన జూరకన్‌గారికి,

ఉత్తరం అందింది. చదివాను. మీ అక్క పెరట్లోకి వెళ్ళి కూర్చుంది. పొయ్యిమీద పాలు పొంగాయి, నేనే తుడిచాను.

ఇల్లు ఎవరి పేరునున్నా, అక్కతో ఒక మాట అనవలసింది.

సతర్‌కుల్


కరకోల్,
జూన్ 5

మరదలు జూరకన్‌కు,

కిందటి ఉత్తరం నేను రాసింది కాదు, నా కోపం రాసింది. దాని దస్తూరీ కూడా నాకంటే బాగుంది.

ముందు ఆ ఇంటికి పోయి, పెళ్ళలు రాలిన చోట గోడ గీకి చూశాను. గాట్లున్నాయి. ఒకటి, రెండు, మూడు, పైదాకా వరసగా. నలభై ఒక్క ఏళ్ళు నేను ఆ గోడకే ఆనుకుని మీటరు చదివాను. వీపు కింద అంకెలున్నాయని తెలియలేదు.

మీ అక్క వారం రోజులు ఆ మాటే ఎత్తలేదు. ఎనిమిదో రోజు నూడుల్స్ కోస్తూ, తలెత్తకుండా అంది: "ఇల్లు కూలితే ఇల్లే కూలుతుంది. చెల్లి మోకాళ్ళు కూలితే ఎవరెత్తుతారు? పదకొండు రోజులు కిందికి దిగలేదట, నాకు చెప్పలేదు. నాకు కోపం అందుకు." నీ ఉత్తరంలో ఆ ముక్కను నేను నవ్వుకుంటూ దాటేశాను. ఆమె దాటలేదు.

మర్నాడు నేను రెండు సంచుల బంగాళాదుంపలు మోసుకుని కాలేజీ హాస్టల్లో ఐదో అంతస్తు ఎక్కాను, ఎలా ఉంటుందో చూద్దామని. నాలుగో అంతస్తులో నీ మీద కోపం పోయింది. ఐదో అంతస్తులో, ఆ ఫ్లాటు ఏరి తీసుకున్న, స్వర్గస్థుడైన మీ ఆయన మీద మొదలైంది. కాపలాదారు "ఎవరి కోసం, పెద్దాయనా?" అన్నాడు. మరదలి కోసమన్నాను. వాడు ఇంకా నవ్వుతూనే ఉండాలి.

నిన్న కాక మొన్న కమిటీ వచ్చింది. ముగ్గురు. వాళ్ళలో పెద్దావిడ గడ్డం కింద కళ్ళజోడు వేలాడేసుకుని కాగితం చాపింది. "ఇక్కడ పెట్టండి సంతకం."

"ముందు ఒక కథ చెప్పాలమ్మా" అన్నాను.

"మూడు చెబుతారట కదా, హోటల్లో విన్నాం."

"ఇది నాలుగోది. నిజం. అందుకని మిగతావాటంత బాగుండదు."

తాత జుమాష్ సంగతి చెప్పాను. ఆమె కళ్ళు తుడుచుకునేంత నవ్వింది. వెంట వచ్చిన కుర్రాఫీసరయితే గోడ పట్టుకున్నాడు. నవ్వడం అయిపోయాక ఇంటి పేరుమీద అడ్డంగా గీత గీసింది. "చాలా బాగుంది పెద్దాయనా. కానీ ఇది మా కాగితంలో పట్టదు. కట్టిన చోట లేదు కదా." కదలకుండా కూర్చున్నది అని నేను రాసుకున్న ముక్క జేబులోనే ఉండిపోయింది.

నీ కింది గది నీదే. ఇక దాని గురించి బెంగ పడకు.

గీత గీసిన సాయంత్రమే కుబత్ దగ్గరికి పోయి ఆ దుంగలు అడిగాను. వాడు చెడ్డవాడు కాడు, ప్లాస్టిక్‌ను నమ్మినవాడు. "దుంగలతో నాకేం పని? నాకు కావాల్సింది మూల స్థలం. పది రోజుల్లో పట్టుకుపోతే నాకే మేలు, కూలి మిగులుతుంది" అన్నాడు. గాట్లుండగా భయమేమిటి? ఒకసారి బండెక్కి వచ్చిన ఇల్లు ఇంకోసారి ఎక్కుతుంది. మిగతా వాటాల్లో అడుగు దుంగలు కుళ్ళాయి. మీ రెండు గదులవి మాత్రం తట్టి చూస్తే గంటలా మోగుతున్నాయి. మా దొడ్లో ఆపిల్ చెట్లు రెండు పోయిన చోట ఖాళీగా ఉంది. మా వీధివాళ్ళంతా సాయం పనికి వస్తామన్నారు. ఈసారి ముఖం వీధికే. పటం గీస్తున్నాను.

మీ బావ,
సతర్‌కుల్


బిష్కెక్,
జూన్ 13

బావా,

కింది గది తాళం చేతికొచ్చింది. దాన్ని పట్టుకుని గడపమీద కూర్చుని మీ ఉత్తరం చదివాను. దారిన పోయేవాళ్ళు ఎందుకేడుస్తున్నావని అడిగారు. మా బావ బంగాళాదుంపలు మోశాడని చెప్పాను. వాళ్ళకేం అర్థమయిందో.

నిలబెట్టే రోజు కబురు చేయండి, వస్తాను. అక్క ముఖం చూడాలి. ఉత్తరంలో అడగగలిగింది కాదు అది.

ఎషెన్‌తో నాకు ముందు సీటు ఉంచమని చెప్పండి, మోకాళ్ళకు.

జూరకన్


కరకోల్,
జూలై 2

మరదలు జూరకన్‌కు,

నువ్వు సోమవారం పొద్దున్నే బస్సెక్కి పారిపోయావు కాబట్టి దీన్ని కాగితం మీదే తేల్చుకోవాలి.

ఆదివారం ఇరవై ఇద్దరు మగవాళ్ళు, టీ కాచే సమోవార్లు తొమ్మిది. నేల మీద సున్నంతో గీతలు నేనే గీశాను. వీధివైపు "ముఖం" అని రాశాను. పెద్ద అక్షరాలతో, రెండు భాషల్లో. అందరికీ చూపించాను. పని చేయించే ముసలి కైదిర్ తల కూడా ఊపాడు. మాంసం తక్కువ పడుతుందని మీ అక్క అంటే బజారుకు పోయాను, అక్కడ ఒక పాత మీటరు గొడవ గుర్తొచ్చి కసాయివాడితో కాస్త ఆలస్యమైంది. కాస్తే.

తిరిగొచ్చేసరికి ద్వారబంధం లేచి ఉంది. పొద్దుపొడిచే కొండల వైపు. ఇరవై ఇద్దరూ అరచేతులు ముఖానికి తుడుచుకుంటున్నారు. దీవెన అయిపోయింది. "కైదిర్, ముఖం ఇటు కదా" అన్నాను. "తలుపు మరి ఎటు పెడతారయ్యా?" అన్నాడు, నాకే మతి పోయినట్టు చూస్తూ. నా సున్నపు గీతలమీద ఎవరిదో గుర్రం నిలబడి ఉంది. దీవెన చెప్పిన ద్వారబంధాన్ని ఎవడు కదుపుతాడు? నేనా, డెబ్భై ఏళ్ళు ఈ ఊళ్ళో బతికినవాణ్ణి?

ఇల్లు మళ్ళీ వీధికి వీపు పెట్టింది. నారిన్ పంతులమ్మ పిల్లల్ని వెంటేసుకొస్తానంది, ఆమెకు నా దొడ్డిగోడ మీంచి పొగగొట్టం చూపించాలి.

నన్ను తొలిచేది అది కాదు. నేను బజారులో ఉన్నంతసేపూ నువ్వు అక్కడే, వాళ్ళ మధ్యే టీ పోస్తూ తిరుగుతున్నావు. చదువుకున్నదానివి. గీతలు చూశావు. నోరు తెరిచి ఒక్క మాట ఎందుకనలేదు?

జవాబు రాయి. జలుబు గురించి వద్దు.

మీ బావ,
సతర్‌కుల్


బిష్కెక్,
జూలై 9

బావగారికి,

అనలేదని ఎవరు చెప్పారు? అన్నాను.

కైదిర్ మీ గీతల దగ్గరే నిలబడ్డాడు పాపం. ద్వారబంధం నలుగురి భుజాలమీద ఉంది. "మనసొప్పడం లేదు, కానీ మీ బావ రాసిపెట్టాడు, ఇటే ఎత్తమంటావా?" అని నన్నే అడిగాడు. జుమాష్ మనవరాలివి, నీ మాటే అన్నాడు. అక్క అప్పుడు పెరట్లో పీట వేసుకుని ఉల్లిపాయలు తరుగుతోంది. మా ఇద్దరి మధ్య అప్పటికి సరిగ్గా మాటలే లేవు. శనివారం సాయంత్రం నుంచి "ఉప్పు ఇటివ్వు", "తలగుడ్డ జాగ్రత్త", అంతే.

అక్క రోజులో ఎంతసేపు వీధిలో ఉంటుంది బావా? రొట్టెకు ఒకసారి, చెత్తకు ఒకసారి. మిగతా బతుకంతా ఆ పెరట్లోనే. నాన్న గదులు నా పేరున రాశాడు, నేను అమ్మాను. ఆ కిటికీలు మాత్రం ఏనాడూ నా ఒక్కదాని పేరున లేవు. వాటి కింద నాకు జడ వేసింది అక్కే. వీధికి అప్పజెబితే రెండోసారి కూడా అక్కను అడగకుండా అమ్మినట్టే.

ఈసారి అడిగాను. పెరటి అవతలనుంచి కేకేసి, "అక్కా, ఎటు?" అన్నాను. తలెత్తింది. కత్తి పట్టుకున్న చేత్తోనే కొండల వైపు చూపించింది. చూపించి, "ఉల్లిపాయలు ఘాటు" అని కళ్ళు తుడుచుకుంది. ఆ తరువాత నా దగ్గరికి వచ్చి, నా మోకాలు పట్టి చూసి, ఎక్కడ నొప్పి అని అడిగింది.

అందుకని మీ పటం మీద గుర్రాన్ని నిలబెట్టించింది నేనే. కోపం తెచ్చుకోండి, పరవాలేదు, నా గది ఇప్పుడు కిందే కాబట్టి వచ్చి తిట్టిపోవడం సులువు.

నాకొక్క సంగతి కనుక్కుని రాయండి. పొద్దున ఎండ ముందు ఏ కిటికీ మీద పడుతోందో అక్కను అడగండి. మీరు చూసి రాయొద్దు, అక్క చెప్పిందే రాయండి.

మీ మరదలు,
జూరకన్